నీలిరంగు ‘ఇ’ ఎలా గెలిచింది?

నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్‌ల మధ్య ముప్పై ఏళ్ల కిందట మొదలైన బ్రౌజర్ యుద్ధాన్ని పాత కథ అనుకుంటే పొరపాటే. అప్పుడు దేనికోసం కొట్టుకున్నారో ఇప్పుడూ దానికోసమే కొట్టుకుంటున్నారు. పాత్రలే తారుమారయ్యాయి.

1995 ఆగస్టు అనగానే తెలుగువాళ్లకు వైస్రాయ్ హోటల్ గుర్తొస్తుంది. ఎన్టీఆర్ ప్రభుత్వం పడిపోయి, చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి కావడానికి దారితీసిన రోజులవి. ఎవరి వెనక ఎంతమంది ఎమ్మెల్యేలున్నారన్నదే ఊరూరా చర్చ. అదే నెలలో మరో మూడు సంగతులు జరిగాయి. 9వ తేదీన అమెరికాలో నెట్‌స్కేప్ అనే కంపెనీ షేర్లు మార్కెట్‌లోకి వచ్చాయి. 15న వీఎస్ఎన్ఎల్ మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 24న మైక్రోసాఫ్ట్ విండోస్ 95ను విడుదల చేసింది. ఆ తర్వాతి ఆరేళ్లలో మన కంప్యూటర్ తెరల మీద ఏం కనిపించాలో, ఏం కనిపించకూడదో తేల్చిన పోరుకు బీజం ఆ నెలలోనే ఉంది.

నెట్‌స్కేప్ వయసు అప్పటికి 16 నెలలు. లాభాల ఊసే లేదు. 28 డాలర్లకు ఇచ్చిన షేరు మొదటి బేరంలోనే 71 డాలర్లు పలికింది. సాయంత్రానికి 58.25 దగ్గర ఆగింది. కంపెనీ విలువ 290 కోట్ల డాలర్ల దాకా చేరింది. ఇంటర్నెట్‌లో డబ్బుందని వాల్‌స్ట్రీట్‌కు తెలిసొచ్చింది ఆ రోజే. పదమూడేళ్లు తిరిగేసరికి నెట్‌స్కేప్ బ్రౌజర్‌కు నూకలు చెల్లిపోయాయి. మంచి సరుకు తయారుచేసి కూడా ఒక కంపెనీ ఎలా ఓడిపోతుందో, ఆ ఓటమికి జనం ఏం మూల్యం చెల్లిస్తారో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు కనబడదు.

దాయాదులు

రెండు బ్రౌజర్లకూ పుట్టిల్లు ఒక్కటే. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని సూపర్ కంప్యూటింగ్ కేంద్రంలో మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బీనా కలిసి 1993లో మొజాయిక్ అనే బ్రౌజర్ రాశారు. అక్షరాలూ బొమ్మలూ ఒకే పేజీలో పక్కపక్కనే కనిపించేలా చేసి, వెబ్‌ను శాస్త్రవేత్తల చేతుల్లోంచి జనం చేతుల్లోకి తెచ్చింది అదే. చదువు పూర్తయ్యాక ఆండ్రీసెన్ కాలిఫోర్నియా చేరాడు. సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీని స్థాపించిన జిమ్ క్లార్క్ ఆయనతో చేతులు కలిపాడు. 1994 ఏప్రిల్‌లో ఇద్దరూ కొత్త కంపెనీ పెట్టి, ఇల్లినాయ్‌లో మొజాయిక్ మీద పనిచేసిన కుర్రాళ్లను రప్పించారు. మొజాయిక్ పేరు వాడొద్దని విశ్వవిద్యాలయం అభ్యంతరం చెప్పడంతో కంపెనీ పేరు నెట్‌స్కేప్ అయింది. పాత కోడ్ ముట్టుకోకుండా మొత్తం మళ్లీ రాసి, ఆ డిసెంబరులో నావిగేటర్‌ను విడుదల చేశారు.

అటు విశ్వవిద్యాలయం మొజాయిక్‌ను అమ్ముకునే హక్కు స్పైగ్లాస్ అనే కంపెనీకి ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ ఆ స్పైగ్లాస్ దగ్గర లైసెన్సు తీసుకుని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తయారుచేసింది. ఆదాయంలో వాటా వస్తుందని స్పైగ్లాస్ ఆశపడింది. మైక్రోసాఫ్ట్ బ్రౌజర్‌ను ఉచితంగా పంచిపెట్టడంతో వాటా పంచుకోవడానికి ఆదాయమే లేకుండా పోయింది. చివరికి 1997లో 80 లక్షల డాలర్లతో ఆ తగాదా తెగింది.

బిల్ గేట్స్ ఆలస్యంగా మేల్కొన్నాడంటారు. అది సగమే నిజం. 1995 మే 26న ‘ఇంటర్నెట్ టైడల్ వేవ్’ పేరుతో ఆయన తన కంపెనీ పెద్దలకు రాసిన లేఖలో నెట్‌స్కేప్‌ను కొత్త ప్రత్యర్థిగా పేరుపెట్టి ప్రస్తావించాడు. బ్రౌజర్ వాడకంలో దాని వాటా 70 శాతమనీ రాశాడు. ఆయన భయం నెట్‌స్కేప్ సంపాదన గురించి కాదు. రేపు ప్రోగ్రాములన్నీ బ్రౌజర్‌లోనే నడిస్తే, కింద ఉన్నది విండోసో మరొకటో ఎవరూ పట్టించుకోరు. అప్పుడు విండోస్‌కున్న పట్టు సడలిపోతుంది. పాతికేళ్ల తర్వాత జరిగింది సరిగ్గా అదే. అంటే గేట్స్ భయం పూర్తిగా సహేతుకమైనదే. ఆ భయంతో ఎంచుకున్న దారే తప్పు.

సరుకు కన్నా చోటు గొప్పది

సినిమా బాగుండడం ఒక ఎత్తు, సంక్రాంతికి థియేటర్లు దొరకడం ఒక ఎత్తు. ఈ సంగతి తెలుగు నిర్మాతలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కంప్యూటర్ల లోకంలో అప్పట్లో థియేటర్లన్నీ మైక్రోసాఫ్ట్ చేతిలో ఉన్నాయి. పర్సనల్ కంప్యూటర్లలో 90 శాతానికి పైగా విండోస్‌తోనే నడిచేవి. కొత్త కంప్యూటర్ తెరవగానే ఎదురుగా ఏ ఐకాన్ ఉండాలో నిర్ణయించేది మైక్రోసాఫ్టే.

1995 డిసెంబరు 7న గేట్స్ తన ఇంటర్నెట్ వ్యూహం ప్రకటించాడు. బ్రౌజర్ ఉచితం. వ్యాపార సంస్థలకు ఒక్కో కాపీ 49 డాలర్ల దాకా అమ్ముకుంటున్న నెట్‌స్కేప్‌కు అదే మొదటి దెబ్బ. ధర తగ్గించడం పోటీలో భాగమే, దాన్ని నేను తప్పుపట్టను. అసలు ఆట ఆ తర్వాత మొదలైంది.

1996లో కాంపాక్ కంపెనీ తన ప్రెసారియో కంప్యూటర్ల తెర మీదనుంచి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఐకాన్ తీసేసింది. విండోస్ 95 లైసెన్సు రద్దు చేస్తామని మైక్రోసాఫ్ట్ నోటీసు పంపింది. ప్రపంచంలోనే పెద్ద కంప్యూటర్ తయారీదారుల్లో ఒకటైన కాంపాక్ మారు మాట్లాడకుండా ఐకాన్‌ను మళ్లీ పెట్టింది. విండోస్ లేని కంప్యూటర్ ఎవరు కొంటారు?

అదే ఏడాది మార్చిలో ఇంటర్నెట్ సేవల కంపెనీ అమెరికా ఆన్‌లైన్ (ఏఓఎల్)తో మైక్రోసాఫ్ట్ ఒప్పందం చేసుకుంది. ఏఓఎల్‌కు అప్పటికే 50 లక్షల మంది చందాదారులున్నారు. వాళ్లందరికీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే అసలు బ్రౌజర్‌గా వెళ్తుంది. బదులుగా విండోస్ తెర మీద ఏఓఎల్‌కు చోటు దక్కుతుంది. ఏఓఎల్ నెట్‌స్కేప్‌తో ఒప్పందం ప్రకటించి అప్పటికి ఒక్క రోజే అయింది. తన దగ్గర లేని చోటును నెట్‌స్కేప్ ఏ ధరకు ఇవ్వగలదు?

1997 ఆగస్టులో ఆపిల్ వంతు వచ్చింది. బోస్టన్‌లో మాక్‌వరల్డ్ సభ. స్టీవ్ జాబ్స్ వేదిక మీద ఉండగా, వెనక పెద్ద తెర మీద బిల్ గేట్స్ ముఖం కనిపించింది. సభలోంచి ఈలలు, వెటకారపు అరుపులు. మైక్రోసాఫ్ట్ ఆపిల్‌లో 15 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడుతుంది. అయిదేళ్లపాటు మాక్ కంప్యూటర్లకు ఆఫీస్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. మాక్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అసలు బ్రౌజర్‌గా ఉంటుంది. మాక్‌కు ఆఫీస్ ఆపేస్తామన్న బెదిరింపు ఆ బేరం వెనక పనిచేసిందని తర్వాత కోర్టు తేల్చింది.

నెట్‌స్కేప్ కడిగిన ముత్యమేమీ కాదు. తన చేతిలో ఎక్కువ వాటా ఉన్న రోజుల్లో వెబ్ ప్రమాణాలతో పనిలేకుండా సొంత ట్యాగులు చొప్పించింది. 1997 నాటి నాలుగో వెర్షన్ బరువెక్కి మాటిమాటికీ ఆగిపోయేది. తర్వాత కోడ్ మొత్తాన్ని మళ్లీ రాయాలని కూర్చుంది. అయిదో వెర్షన్ రానే లేదు, ఆరోది 2000 నవంబరుకు గానీ వెలుగు చూడలేదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నాలుగో వెర్షన్ నిజంగానే బాగుందన్నదీ ఒప్పుకోవాలి. అయితే రెండు కంపెనీలు సమానమైన నేల మీద నిలబడి కొట్టుకుని ఉంటే ఏమయ్యేదో చూసే అవకాశం మనకు దక్కలేదు. నా ఫిర్యాదు అదే.

పచ్చికలో పాతిన అక్షరం

ఈ పోరులో ఒక రాత్రి ముచ్చట చెప్పుకోవాలి. 1997 సెప్టెంబరు చివర శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నాలుగో వెర్షన్ విడుదల వేడుక. అది ముగిశాక మైక్రోసాఫ్ట్ ఉద్యోగులు కొందరు వేడుక కోసం చేయించిన, ఆ బ్రౌజర్ చిహ్నమైన పేద్ద నీలిరంగు ‘ఇ’ అక్షరాన్ని వాహనంలో వేసుకుని మౌంటెన్ వ్యూకి తీసుకెళ్లారు. నెట్‌స్కేప్ ఆఫీసు ముందు పచ్చికలో నిలబెట్టి వచ్చేశారు. తెల్లారి చూసిన నెట్‌స్కేప్ కుర్రాళ్లు దాన్ని పక్కకు పడదోశారు. తమ చిహ్నమైన మొజిల్లా బల్లి బొమ్మను దాని మీద ఎక్కించి, మెడలో ఒక అట్ట తగిలించారు. నెట్‌స్కేప్ 72, మైక్రోసాఫ్ట్ 18 అని దానిమీద రాశారు. అవి అప్పటి మార్కెట్ వాటాలు.

ఏడాది తిరక్కుండానే ఆ అంకెలు దాదాపు సమానమయ్యాయి. 1998 జనవరిలో నెట్‌స్కేప్ తన బ్రౌజర్‌ను ఉచితం చేసింది. దాని సోర్స్ కోడ్‌నూ లోకానికి ఇచ్చేస్తానంది. నవంబరులో ఏఓఎల్ ఆ కంపెనీని 420 కోట్ల డాలర్ల విలువైన షేర్లకు కొంటున్నట్టు ప్రకటించింది.

పోటీ వేడిగా ఉన్నంతకాలం లాభపడింది మాత్రం మనమే. ఇవాళ ప్రతి వెబ్ పేజీలోనూ నడిచే జావాస్క్రిప్ట్‌ను నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ 1995 మేలో పది రోజుల్లో తయారుచేశాడు. ఫోన్‌లో కరెంటు బిల్లు కట్టేటప్పుడు మన కార్డు వివరాలు దొంగల పాలు కాకుండా కాపాడే రక్షణకు మూలం ఎస్ఎస్ఎల్. అదీ నెట్‌స్కేప్‌లో పుట్టిందే. మైక్రోసాఫ్ట్ సైతం పరుగు అందుకుని 1995 ఆగస్టు నుంచి 1997 సెప్టెంబరు దాకా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వెర్షన్లు నాలుగు తెచ్చింది. ఈ లెక్క గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

టైటిల్ బార్ పట్టిచ్చింది

1998 మే 18న అమెరికా న్యాయశాఖ, 20 రాష్ట్రాలు మైక్రోసాఫ్ట్ మీద గుత్తాధిపత్య కేసు వేశాయి. విచారణ అక్టోబరులో వాషింగ్టన్‌లో జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ ముందు మొదలైంది. ప్రభుత్వం తరఫున వాదించిన డేవిడ్ బాయిస్, ముందే మూడు రోజులపాటు వీడియోలో తీసుకున్న గేట్స్ వాంగ్మూలాన్ని ముక్కలు ముక్కలుగా కోర్టులో చూపించాడు. ప్రపంచంలోకెల్లా సంపన్నుడు కుర్చీలో ఊగుతూ, మామూలు మాటలకు సైతం అర్థం అడుగుతూ, సొంత ఈమెయిళ్లే గుర్తులేవంటుంటే జడ్జి నవ్వు ఆపుకోలేకపోయాడు.

అంతకన్నా బలమైన దెబ్బ 1999 ఫిబ్రవరిలో తగిలింది. బ్రౌజర్, విండోస్ విడదీయరానివని మైక్రోసాఫ్ట్ వాదన. ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ ఫెల్టెన్ ఒక చిన్న ప్రోగ్రాముతో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను తొలగించి చూపించాడు. అలా తొలగిస్తే విండోస్ నత్తనడక నడుస్తుందని నిరూపించడానికి మైక్రోసాఫ్ట్ సీనియర్ అధికారి జిమ్ ఆల్చిన్ ఒక వీడియో తెచ్చాడు. బాయిస్ దాన్ని ఒకచోట ఆపించాడు. తెర పైభాగంలోని టైటిల్ బార్ చూడమన్నాడు. ఫెల్టెన్ ప్రోగ్రాము నడిచి ఉంటే అక్కడ మారాల్సిన మాటలు మారనే లేదు. అంటే చూపిస్తున్నది వేరే స్థితి. తర్వాత డెస్క్‌టాప్ మీది ఐకాన్లు మధ్యలో మారిపోవడంతో వీడియోలో ఉన్నది ఒకే కంప్యూటర్ కాదని కూడా బయటపడింది. లోకంలోకెల్లా పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ తన సొంత తెర మీది రెండు మూడు మాటల దగ్గర దొరికిపోయింది.

2000 జూన్ 7న జాక్సన్ మైక్రోసాఫ్ట్‌ను రెండు ముక్కలు చేయమన్నాడు. కేసు నడుస్తుండగానే విలేఖరులతో మాట్లాడి ఆయన తన తీర్పుకు తానే చేటు తెచ్చుకున్నాడు. 2001 జూన్‌లో అప్పీలు కోర్టు ఆయన్ను కేసునుంచి తప్పించి, విభజన ఉత్తర్వును కొట్టేసింది. గుత్తాధిపత్యాన్ని అక్రమంగా కాపాడుకున్నదన్న అసలు నేరాన్ని మాత్రం ఖరారు చేసింది. ఆ నవంబరులో ప్రభుత్వం రాజీ పడింది. మైక్రోసాఫ్ట్ మీద కొన్ని ఆంక్షలు మిగిలాయి. 2003లో ఏఓఎల్‌కు 75 కోట్ల డాలర్లు ఇచ్చి మైక్రోసాఫ్ట్ నెట్‌స్కేప్ లెక్క తేల్చుకుంది. 2008 మార్చి 1న నెట్‌స్కేప్ బ్రౌజర్ శాశ్వతంగా ఆగిపోయింది.

చట్టం ఆలస్యంగా వచ్చింది, నెట్‌స్కేప్‌ను బతికించలేకపోయింది. అయినా అది దండగమారి కేసని నేను అనను. కోర్టు కన్ను మీదున్న కంపెనీ తర్వాత వచ్చే చిన్న కంపెనీని అదే పద్ధతిలో నలిపేయడానికి జంకుతుంది. అప్పుడప్పుడే నడక నేర్చుకుంటున్న గూగుల్‌కు ఆ జంకే శ్రీరామరక్ష అయిందని నా నమ్మకం.

గెలిచినవాడి నిద్ర, తెలుగు పాఠకుడి పాట్లు

2001 ఆగస్టులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆరో వెర్షన్ వచ్చింది. ఏడోది 2006 అక్టోబరులో వచ్చింది. రెండేళ్లలో నాలుగు వెర్షన్లు తెచ్చిన కంపెనీ, ప్రత్యర్థి చచ్చాక ఒక్కదానికి అయిదేళ్లు తీసుకుంది. మార్కెట్ వాటా 90 శాతం దాటాక పరుగెత్తాల్సిన పనేముంది? ఆ అయిదేళ్లలో వైరస్‌లు చొరబడడానికి వీలైన లొసుగులెన్నో బయటపడ్డాయి. వెబ్‌సైట్ల అడుగున ‘ఈ పేజీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో బాగా కనిపిస్తుంది’ అన్న హెచ్చరిక మామూలైపోయింది.

ఈ నష్టం మన గుమ్మం దాకా వచ్చింది. తెలుగు పత్రికల వెబ్‌సైట్లు అప్పట్లో యూనికోడ్ వాడేవి కావు. ఒక్కో పత్రికది ఒక్కో సొంత ఫాంటు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలు పెట్టి నెట్టుకొచ్చేవారు. పాఠకుడి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే తానే దిగుమతి అయ్యే ‘డైనమిక్ ఫాంట్ల’ పద్ధతిని మైక్రోసాఫ్ట్ ఒక రకంగా, నెట్‌స్కేప్ మరో రకంగా తెచ్చాయి. ఒకదానిది మరొకదానిలో పనిచేయదు. నెట్‌స్కేప్ పోయాక చాలా సైట్లు మైక్రోసాఫ్ట్ పద్ధతితోనే సరిపెట్టుకున్నాయి. ఇంకో బ్రౌజర్‌లోనో, లినక్స్‌లోనో తెరిస్తే తెలుగు వార్త బదులు అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ దర్శనమిచ్చేవి. అలా దాచిన తెలుగు సెర్చ్ ఇంజిన్లకు తెలుగని తెలియదు, వెతికినా దొరకదు. ఒక తరం వార్తలు, వ్యాసాలు ఉండీ లేనట్టయ్యాయి.

దీనికి మందు కంపెనీల దగ్గర పుట్టలేదు. నెట్‌స్కేప్ వదిలేసిన కోడ్‌నుంచి మొజిల్లా ఫౌండేషన్ 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ తెచ్చింది. దాన్ని జనానికి పరిచయం చేయడానికి దాదాపు పదివేల మంది తలా కొంత వేసుకుని న్యూయార్క్ టైమ్స్‌లో రెండు పేజీల ప్రకటన ఇచ్చారు. ఆ ఫైర్‌ఫాక్స్‌కు ‘పద్మ’ అనే తోడు ప్రోగ్రాము వచ్చింది. పత్రికల సొంత ఫాంట్ల గజిబిజిని అప్పటికప్పుడు యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. తెలుగును ఎవరి సొత్తూ కాని అక్షరాల్లో నిలబెట్టింది యూనికోడ్ అనే ఉమ్మడి ప్రమాణం, దాన్ని పట్టుకుని పనిచేసిన ఔత్సాహికులు. ఈ కథలో నేను చేతులెత్తి మొక్కేది వాళ్లకే.

నిన్నటి ఫిర్యాదీ, నేటి ముద్దాయి

2006లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఏడో వెర్షన్‌లో సెర్చ్ పెట్టె తిన్నగా మైక్రోసాఫ్ట్ సెర్చ్‌కే వెళ్తోందని గూగుల్ అమెరికా న్యాయశాఖకు, ఐరోపా కమిషన్‌కు మొరపెట్టుకుంది. ముందే అమర్చి ఇచ్చినదాన్ని జనం మార్చుకోరని దాని వాదన. 2008 సెప్టెంబరులో సుందర్ పిచాయ్ నాయకత్వంలో సొంత బ్రౌజర్ క్రోమ్ తెచ్చింది. క్రోమ్ వేగం ముందు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నిలవలేదు. 2020 జనవరికల్లా మైక్రోసాఫ్ట్ తన ఎడ్జ్ బ్రౌజర్‌ను గూగుల్ ఇంజిన్ మీదకే మార్చుకుంది. 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు సెలవిచ్చింది.

2020 అక్టోబరులో అదే న్యాయశాఖ గూగుల్ మీద కేసు వేసింది. ఫోన్లలో, బ్రౌజర్లలో తానే ముందుగా అమరి ఉండేందుకు 2021లో గూగుల్ ఇతర కంపెనీలకు 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందని కోర్టులో బయటపడింది. 2023 అక్టోబరు 2న సాక్షి బోనులోకి వచ్చిన వ్యక్తి మన బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ పూర్వ విద్యార్థి, మైక్రోసాఫ్ట్ అధినేత సత్య నాదెళ్ల. జనానికి నచ్చింది ఎంచుకునే స్వేచ్ఛ ఉందన్న మాట బూటకమనీ, ముందుగా అమరి ఉన్నదే గెలుస్తుందనీ ఆయన చెప్పారు. ఆపిల్ ఫోన్లలో ఆ చోటు దక్కితే ఏడాదికి 1,500 కోట్ల డాలర్ల దాకా నష్టపోవడానికైనా సిద్ధపడ్డామన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. 1992నుంచి మైక్రోసాఫ్ట్‌లో ఉన్న మనిషికి ఆ చోటు విలువ తెలియకుండా ఎలా ఉంటుంది?

2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా గూగుల్‌ను గుత్తాధిపత్య నేరస్థురాలిగా తేల్చారు. అందుకు ఆధారంగా నిలిచిన తీర్పుల్లో 2001 నాటి మైక్రోసాఫ్ట్ తీర్పు ముఖ్యమైనది. 2025 సెప్టెంబరులో శిక్ష దగ్గరకొచ్చేసరికి క్రోమ్‌ను అమ్మనక్కర్లేదన్నారు. గూగుల్ సెర్చ్ ఒక్కటే ఉండాలనే ఒప్పందాలను నిషేధించారు. అదే ఏడాది అక్టోబరులో చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ ‘అట్లాస్’ పేరుతో సొంత బ్రౌజర్ దించింది. రేపు కృత్రిమ మేధ పేరుతో జరగబోయే పోరు కూడా తెర మీద మొదటి చోటు కోసమే.

మన వంతు

నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్, గూగుల్ కథలను వరసగా చదివితే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. బయట నిలబడ్డ కంపెనీ స్వేచ్ఛ గురించి మాట్లాడుతుంది, లోపలికి చేరాక తలుపు మూస్తుంది. ఇందులో ఎవరి నీతీ ఎవరికన్నా గొప్పది కాదు. కాబట్టి కంపెనీల మంచితనాన్ని నమ్ముకోవడం మానేసి, తలుపు మూతపడకుండా చూసే నియమాలు పెట్టుకోవాలి.

మన దేశం ఇందులో వెనకబడి ఏమీ లేదు. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఫోన్ మొదటిసారి తెరిచినప్పుడే సెర్చ్ ఇంజిన్‌ను ఎంచుకునే వీలు ఇవ్వాలంది. 2024 మార్చిలో కేంద్రం డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా బయటపెట్టింది. నష్టం జరిగాక పదేళ్లు కోర్టులో వెతుక్కోకుండా, పెద్ద కంపెనీలు ఏం చేయకూడదో ముందే చెప్పే పద్ధతి అది. నెట్‌స్కేప్ కథ తెలిసినవాళ్లెవరైనా దాని అవసరాన్ని కాదనలేరు. ఆ ముసాయిదా చట్టం కావాలి. దాంతోపాటు ప్రజల సొమ్ముతో నడిచే ప్రతి వెబ్‌సైటూ ఏ బ్రౌజర్‌లోనైనా, యూనికోడ్ తెలుగులో తెరుచుకోవాలన్న షరతు మన రెండు రాష్ట్రాలూ పెట్టుకోవాలి. ఒక కంపెనీ పద్ధతికి కట్టుబడితే ఏం పోగొట్టుకుంటామో తెలుగు పాఠకుడు ఒకసారి చూశాడు.

ఈ పోరులో ఎవరి పక్షమని అడిగితే నా జవాబు ఒక్కటే. ఇవాళ బయట నిలబడ్డవాడి పక్షం. రేపు వాడే లోపలికెళ్లి గడియ పెడితే, వాడి తర్వాత వచ్చి తలుపు తట్టేవాడి పక్షం.